రెండు రొట్టెలు, పాలకూర పప్పు: రోజూ అదే క్యారేజీ

2023 జూన్ 12న బడులు తెరిచిన రోజు నుంచి మరుసటి ఏడాది ఫిబ్రవరి దాకా, ఆదివారాలూ సెలవులూ పోను, నా మధ్యాహ్నం క్యారేజీలో ఒక్క మార్పు లేదు. రెండు జొన్న రొట్టెలు, ఒక గిన్నె పాలకూర పప్పు, ఒక ఉడికించిన గుడ్డు, నాలుగు కీర ముక్కలు. దానివల్ల నాకు జరిగిన మేలు చిన్నది కాదు. అదే క్యారేజీలో దాగి ఉన్న ఒక పొరపాటు నన్ను ఆస్పత్రికి కూడా తీసుకెళ్ళింది. రెండూ చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నాకు 44 ఏళ్ళు. తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆ ఏడాది మే నెల సెలవుల్లో చేయించిన రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.2 వచ్చింది. మన ఎర్ర రక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి కాబట్టి, వాటికి ఎంత చక్కెర అంటుకుందో చూస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. 5.7 కన్నా తక్కువ ఉంటే మామూలు. 6.5 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ వచ్చినట్టే. నేను ఆ మధ్యలో, అదీ పై మెట్టుకు దగ్గరగా ఉన్నాను. మా నాన్నకు ఇరవై ఏళ్ళుగా షుగర్. ఆయన కాలి వేలికి పుండు పడి మూడు నెలలు మానకపోతే అమ్మ పడ్డ బాధ నా కళ్ళతో చూశాను. అందుకే ఆ కాగితం చూసి చాలా భయపడ్డాను.

డాక్టరుగారు మందు రాయలేదు. "మూడు నెలలు తిండి మార్చి, నడిచి రండి, చూద్దాం" అన్నారు.

తిండి మార్చడమంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో ఎవరూ చెడ్డ తిండి తినరు. బయటి నుంచి తెప్పించుకోవడం అరుదు, స్వీట్లు పండగలకే. కానీ నాలుగు రోజులు నా కంచాన్ని నేనే గమనించుకుంటే సంగతి తెలిసింది. మాది కృష్ణా డెల్టా. అన్నానికి లెక్క ఉండదు. మొదట పచ్చడితో రెండు ముద్దలు, తర్వాత పప్పు, కూర మిగిలిందని కాస్త అన్నం, చారు ఎక్కువైందని ఇంకాస్త, చివర పెరుగులోకి మళ్ళీ. మా అత్తయ్య ప్రేమగా "ఇంకొంచెం పెట్టుకో అమ్మాయ్, సాయంత్రం దాకా బడిలో నిలబడాలిగా" అంటూ వడ్డిస్తారు. ఎంత తిన్నావని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పలేను. లెక్కల టీచరునై ఉండి నా అన్నం నేను లెక్కపెట్టలేకపోయాను. అది నన్ను చాలా కదిలించింది.

రొట్టె అలా కాదు. రెండంటే రెండే.

నేను పుట్టింది నంద్యాల వైపు పల్లెలో. చిన్నప్పుడు రాత్రిపూట జొన్న రొట్టె, ఊరిబిండి (వేయించిన వేరుశనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఎర్రగడ్డ కలిపి కచ్చాపచ్చాగా దంచేది) లేదా పుల్లగూర. పెళ్ళయి ఇటు వచ్చాక ఇరవై ఏళ్ళలో రొట్టె తిన్నది పుట్టింటికి వెళ్ళినప్పుడే. ఇప్పుడు చేద్దామని కూర్చుంటే చేయి తిరగలేదు. మొదటి వారం చేసిన ప్రతి రొట్టే పెనం మీదికి వేసేలోపు మూడు ముక్కలైంది. అమ్మకు ఫోన్ చేస్తే ముందు అడిగిన మాట "పిండి ఎప్పుడు పట్టించినావు?" అని. షాపులో ప్యాకెట్ కొన్నానని చెప్పాను. "పాత పిండితో రొట్టె యాడ వస్తాదమ్మా, జిగురు సచ్చిపోయింటుంది" అంది.

గోధుమలో సాగే గుణం గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల వస్తుంది. జొన్నలో గ్లూటెన్ లేదు. అందుకే మరిగే నీళ్ళు పోసి కలపాలి. ఆ వేడికి పిండిలోని స్టార్చ్ జిగురెక్కి ముద్దను పట్టి ఉంచుతుంది. చన్నీళ్ళతో ఎంత పిసికినా లాభం లేదు. అమ్మ ఊరి నుంచి మాల్దండి రకం జొన్నలు పది కిలోలు పంపింది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోవడం మొదలుపెట్టాను. ఉడుకు నీళ్ళు పోసి, గరిటెతో కలిపి, చేయి ఓర్చుకోగలిగే వేడికి వచ్చాక అరచేతి మడమతో గట్టిగా రాసి రాసి మెత్తగా చేయాలి. తర్వాత పొడి పిండి చల్లుకుని, చేత్తో తడుతూ తిప్పాలి. పెనం మీద వేయగానే పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దాలి. ఆ తడి ఆరేలోపు తిప్పేయాలి. ఇరవయ్యో రోజుకు కాబోలు, ఒక రొట్టె పూర్తిగా పొంగింది. వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పిండి తూచేదాన్ని. రెండు రొట్టెలకు 100 గ్రాములు. అందులో దాదాపు 10 గ్రాముల ప్రొటీన్. కందిపప్పు 30 గ్రాముల్లో ఆరున్నర, గుడ్డులో ఆరు. మొత్తం 22 దాకా వస్తుంది. కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు కాబట్టి, 71 కిలోల నాకు 59 గ్రాములు. ఒక్క పూటలోనే మూడో వంతుకు మించి వస్తోంది. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో, జొన్నలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఎక్కువ, పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ ధాన్యంలో ఎక్కువ. మా అవ్వకు ఈ పేర్లేవీ తెలియవు గానీ రొట్టెనూ పప్పునూ ఎప్పుడూ విడదీయలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. జొన్న తింటే షుగర్ పెరగదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. జొన్నపిండిలోనూ మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. పీచు ఎక్కువ కాబట్టి మెల్లగా అరుగుతుంది, నమిలి తినాలి కాబట్టి కడుపు నిండిన సంగతి మనకు తెలుస్తుంది. నాలుగు రొట్టెలు తింటే అన్నం తిన్నట్టే.

మొదటి రెండు వారాలు కడుపుబ్బరం, గ్యాస్. ఉన్నట్టుండి అంత పీచు పడితే పేగులకు అలవాటు కావడానికి టైమ్ పడుతుంది. ఆ తర్వాత విసుగు మొదలైంది. నెల తిరిగేసరికి క్యారేజీ మూత తీయబుద్ధయ్యేది కాదు. ఒక వానాకాలం మధ్యాహ్నం పక్క టీచరు డబ్బాలోంచి పప్పుచారు వాసన వస్తుంటే, ఒక్క గరిటె అన్నంలో కలుపుకుని తినాలని ప్రాణం లాగింది.

స్టాఫ్‌రూమ్ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. మా దగ్గర మధ్యాహ్నం ఎవరి భోజనం వాళ్ళు తినరు. అందరి కూరల గిన్నెలూ బల్ల మధ్యకు వస్తాయి. ఒకరి దొండకాయ వేపుడు, ఒకరి గోంగూర, ఒకరి చేపల పులుసు. ఎవరింట్లో అత్తగారికి బాగోలేదో, ఎవరి కొడుక్కి ఏ కాలేజీలో సీటు వచ్చిందో ఆ గిన్నెల మీదుగానే తెలుస్తాయి. నేను నా డబ్బా నా ముందే పెట్టుకుని, ఎవరు వడ్డించబోయినా చేయి అడ్డం పెట్టడం మొదలుపెట్టాక, మొదట్లో బతిమాలారు. తర్వాత "మేడమ్‌కి వద్దులెండి" అని గిన్నె నన్ను దాటించి పక్కవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. ఎవరూ తప్పుగా ఏమీ అనలేదు. అయినా ఆ గిన్నె నన్ను దాటి వెళ్ళినప్పుడల్లా మనసులో ఏదో తగ్గినట్టుండేది. అన్నం మానడం కన్నా అదే కష్టమైంది. అక్టోబర్‌లో ఒక దారి దొరికింది. ఇంట్లో ఊరిబిండి నూరి పెద్ద డబ్బాలో తీసుకెళ్ళి బల్ల మధ్యలో పెట్టాను. తీసుకోకపోయినా ఇవ్వగలిగాను. మళ్ళీ అందరిలో కలిసినట్టయింది.

ఇంట్లో అత్తయ్యను ఒప్పించడానికి ఎక్కువ రోజులే పట్టింది. ఆమె దృష్టిలో రొట్టె జ్వరం వచ్చినవాళ్ళ తిండి. "మధ్యాహ్నం అన్నం తినకుండా ఎట్టా ఉంటావమ్మా, చూడు మొహం ఎట్టా పీక్కుపోయిందో" అని రోజూ బాధపడేవారు. అది అధికారం కాదు, దిగులు. అందుకే రాత్రిపూట ఆమెతో కూర్చుని ఒక చిన్న గిన్నెడు అన్నం పెరుగుతో తినేదాన్ని. ఆ గిన్నె మాత్రం కొలిచిందే.

ఇంతకీ రోజూ ఒకటే తినడంలో నాకు దొరికిన మేలు ఏమిటంటే, పొద్దున లేవగానే ఇవాళ ఏం వండాలి అన్న టెన్షన్ నా మటుకు పోయింది. ఐదున్నరకు లేస్తే చేయి దాని పని అది చేసుకుపోయేది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. క్లాసులో పిల్లలకు చెప్తుంటాను, సమీకరణంలో అన్నీ చలరాశులే అయితే దేని విలువా తేలదు, కొన్నింటిని స్థిరంగా ఉంచాలి అని. నా క్యారేజీ స్థిరరాశి అయింది. గ్లూకోమీటర్ కొని, తిన్న రెండు గంటలకు లీజర్ పీరియడ్‌లో వేలు గుచ్చి చూసుకునేదాన్ని. సెలవుల్లో అన్నం తిన్న రోజుల్లో 171, 183, 168 వచ్చాయి. రొట్టె తిన్న రోజుల్లో 139, 144, 136. తిండి రోజూ ఒకటే కాబట్టి, ఏ రోజైనా అంకె తేడాగా వస్తే కారణం వేరే చోట వెతకాలి. రాత్రి సరిగా నిద్రపోని మరుసటి రోజు అదే రొట్టెకు 158 వచ్చింది. తిన్నాక గ్రౌండ్ చుట్టూ పదిహేను నిమిషాలు నడిచిన రోజుల్లో 120 దగ్గరే ఉండేది. రోజుకో రకం తిని ఉంటే, నడక అంత పని చేస్తుందని నాకు ఎప్పటికీ నమ్మకం కుదిరేది కాదు.

సెప్టెంబర్‌లో హెచ్‌బీఏ1సీ 5.9. డిసెంబర్‌లో 5.7. బరువు 71 నుంచి 66 కిలోలకు దిగింది. నాకు చాలా సంతోషమైంది.

ఫిబ్రవరిలో ఒక బుధవారం నాలుగో పీరియడ్. పదో తరగతికి త్రికోణమితి చెప్తున్నాను. ఎడమ పక్క, నడుము పైన ఎవరో కత్తి పెట్టి తిప్పినట్టు నొప్పి మొదలై పొత్తికడుపులోకి జారింది. కూర్చుంటే తగ్గదు, నిలబడితే తగ్గదు. వాంతి అయింది. పిల్లలు భయపడి స్టాఫ్‌రూమ్‌కు పరిగెత్తారు. తోటి టీచర్లు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. స్కాన్‌లో తేలింది ఐదు మిల్లీమీటర్ల రాయి, మూత్రనాళంలో ఇరుక్కుని ఉంది. కాన్పు నొప్పులు రెండుసార్లు పడ్డాను. ఇది వాటికి తక్కువేమీ కాదు.

ఆ సైజు రాళ్ళు చాలావరకు వాటంతట అవే పడిపోతాయని చెప్పి మందులిచ్చారు. మూత్రాన్ని టీ వడపోసే జాలీ లాంటి దానిలో వడకట్టి, రాయి దొరికితే తెమ్మన్నారు. తొమ్మిదో రోజున దొరికింది. మిరియపు గింజంత, గరుకుగా, గోధుమ రంగులో ఉంది. పరీక్షకు ఇస్తే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది. ఎక్కువమందికి వచ్చేది ఈ రకమే.

అప్పుడు డాక్టరుగారు ఏం తింటున్నారని అడిగారు. నేను ఎంతో నమ్మకంగా నా క్యారేజీ గురించి చెప్పాను. ఆమె అంతా విని, "పాలకూర రోజూనా? ఎంత?" అన్నారు. రోజూ ఒక పెద్ద కట్ట. "ఎన్ని నెలలుగా?" ఎనిమిది.

పాలకూరే ఎందుకంటే అది సులువు. మా బస్టాండ్ దగ్గర ఆకుకూరలమ్మే ఆమె దగ్గర ఏడాది పొడవునా దొరుకుతుంది. కాడలు తుంచే పని లేదు, కడిగి కోసేస్తే చాలు. ఆరోగ్యానికి మంచిదని చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ మనం తినే ఆకుకూరల్లో, కాల్షియంతో కలిసి రాయిగా గట్టిపడే ఆక్సలేట్ అనే పదార్థం బాగా ఎక్కువగా ఉండేవాటిలో పాలకూర ఒకటి. నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే కొంత పోతుంది. మనం పప్పులోనే ఉడికిస్తాం. ఒక్క చుక్క బయటికి పోనివ్వం.

చుట్టాలందరూ అన్నది ఒకటే. "పాలకూరలో టమాటా వేశావు కదా, అందుకే రాళ్ళు." మన దగ్గర ఇది ఎప్పటి నుంచో ఉన్న నమ్మకం. డాక్టరుగారిని అడిగితే టమాటాలో ఆక్సలేట్ తక్కువేనని, దాని మీద నింద వేయనక్కర్లేదని అన్నారు. ఆమె పట్టుకున్నది వేరే రెండు విషయాలను.

ఒకటి, నా క్యారేజీలో పెరుగు లేకపోవడం. ఎండకు మధ్యాహ్నానికి పులిసిపోతుందని పెరుగు రాత్రికే పరిమితం చేశాను. పాలకూర తిన్న పూటే పెరుగు కూడా తింటే, అందులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. మధ్యాహ్నం పట్టుకునేది లేక అది రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీలోకి చేరింది. రాళ్ళు కాల్షియంవే కదా అని పాలూ పెరుగూ మానేసేవాళ్ళు ఉంటారట, అది తిరగబడుతుందని గట్టిగా చెప్పారు.

రెండోది నీళ్ళు. "రోజుకు ఎన్ని తాగుతారు?" అని అడిగితే తల దించుకున్నాను. పొద్దున ఎనిమిదికి ఇల్లు వదిలితే సాయంత్రం ఐదు దాకా ఒక గ్లాసు. కారణం చాలామంది ఆడ టీచర్లకు తెలిసిందే. బడిలో మరుగుదొడ్డికి వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగం. తలుపు సరిగా పడదు, నీళ్ళు ఉండవు, వాసన. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో శరీరాన్ని అలా బిగబట్టుకోవడం అలవాటైపోయింది. నిజానికి నాకు సూచనలు కనిపించాయి. జూలై నుంచే మలబద్ధకం, మూత్రం ముదురు పసుపు. పీచు పెంచినప్పుడు నీళ్ళు కూడా పెంచాలని తెలియక, జొన్న పడట్లేదేమో అనుకుని సర్దుకున్నాను.

"పాలకూర ఒక్కదానివల్లే వచ్చిందని నేను చెప్పలేను. మూడూ కలిశాయి" అన్నారు ఆమె. వారానికి రెండుసార్లు పాలకూర తిని ఉంటే బహుశా నాకు ఏమీ అయ్యేది కాదు. నేను మంచిని రోజూ తిన్నట్టే, అందులో ఉన్న లోపాన్ని కూడా రోజూ తిన్నాను. దాదాపు 190 క్యారేజీలు.

రెండు వారాలు భయంతో ఏమీ తినబుద్ధి కాలేదు. అత్తయ్య "నేను చెప్తూనే ఉన్నాను" అనలేదు. మెత్తగా ఉడికిన అన్నంలో బీరకాయ పప్పు కలిపి, పక్కనే మజ్జిగ పెట్టి, నేను తినేదాకా కూర్చున్నారు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక మళ్ళీ రొట్టెకు వచ్చాను. ఆ మేలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేస్తే శ్రద్ధగా చదివాను. రోజు మొత్తంలో కనీసం ఎనిమిది ఆహార వర్గాల నుంచి తినాలని, ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతానికి మించకూడదని అందులో ఉంది. నా పాత క్యారేజీలో రెండో నియమం కాస్త నయం. మొదటి దానిలో ఫెయిల్. పండు లేదు, గింజలు లేవు, పాలు పెరుగు లేవు, కూరగాయలంటే కీరా, పప్పులో పడే టమాటా, అంతే.

ఇప్పుడు రెండు రొట్టెలు, పప్పు 30 గ్రాములు, గుడ్డు స్థిరం. వాటిని కదల్చను. పప్పులో ఏం పడాలన్నది మాత్రం మారుతుంది. సోమవారం మెంతికూర, అందులో ఆక్సలేట్ తక్కువ. మంగళవారం బీరకాయ, బుధవారం దోసకాయ, గురువారం సొరకాయ, శుక్రవారం మునగాకు, శనివారం ఏ ఆకు తాజాగా కనిపిస్తే అది. పాలకూర పదిహేను రోజులకోసారి, అదీ పెరుగుతోనే. పెరుగు కోసం చిన్న స్టీలు థర్మాస్ కొన్నాను. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసి పొద్దున మూత పెడితే, మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుని ఉంటుంది. జామకాయ గానీ నారింజ గానీ ఒక పండు. గుప్పెడు వేరుశనగలు. టీ మాత్రం భోజనమయ్యాక గంట ఆగి తాగుతున్నాను, వెంటనే తాగితే ఆకుకూరల్లోని ఐరన్ సరిగా ఒంటబట్టదు.

బల్ల మధ్యకు వచ్చే గిన్నెల్లోంచి ఇప్పుడు రోజూ ఒక్క చెంచా కూర తీసుకుంటాను. ఎవరిదైనా సరే. ఆ ఒక్క చెంచా వల్ల రెండు గంటల తర్వాతి అంకెలో తేడా ఏమీ రాలేదు, నెల రోజులు చూశాను.

కిందటి పరీక్షలో 5.6 వచ్చింది. స్కాన్‌లో కొత్త రాయి లేదు.

నీళ్ళ సంగతి క్యారేజీ మార్చినంత తేలిగ్గా తేలలేదు. లీటరు సీసా తీసుకెళ్ళి మధ్యాహ్నానికి ఒకటి, ఇంటికి బయల్దేరేలోపు ఒకటి తాగాలని పెట్టుకున్నాను. తాగితే వెళ్ళాలి కదా. నా సంగతి తెలిశాక స్టాఫ్‌రూమ్‌లో ఆడవాళ్ళం ఏడుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. అందరిదీ అదే కథ, ఇద్దరికి తరచూ యూరిన్ ఇన్ఫెక్షన్లు. తలా కొంత వేసుకుని తలుపుకు కొత్త గడియ, లోపల కుళాయి, బకెట్ పెట్టించాం. ఆడపిల్లల వైపు రెండింటికి కూడా గడియలు పెట్టించాం. వాళ్ళు కూడా నీళ్ళ సీసాలు తెచ్చి నిండుగానే ఇంటికి తీసుకెళ్తున్నారని అప్పుడే గమనించాను. రోజూ శుభ్రం చేసే మనిషికి నెలనెలా ఇచ్చేది మేమే పోగుచేస్తున్నాం. ఈ నెల పోగుచేసే వంతు నాది.